ఖాళీ గడిలో 'సీఎస్'

పోయిన నెల నేనొక ఘనకార్యం చేశాను. ఒక రిఫైనరీలో కొన్ని వందల పైపులు ఏ లోహంతో చేసినవో ఆ రిఫైనరీ వాళ్ళకే రూఢిగా తెలీదు. నేను హైదరాబాదులో ఏసీలో కూచుని ఒక్క లైను కోడుతో తేల్చిపారేశాను.

కథేమిటంటే, మా ప్రాజెక్టు ఒక విదేశీ రిఫైనరీది (పేరు అడక్కండి, ఇంకా ఉద్యోగం చేసుకోవాలి). వాళ్ళ ఇన్‌స్పెక్షన్ రికార్డులు కొన్ని ఎక్సెల్ షీట్లలో, ఇంకా పాతవి స్కాన్ చేసిన కాయితాల్లో ఉన్నాయి. వాటన్నిటినీ కొత్త అప్లికేషన్లోకి ఎక్కించడం మా పని. ఒక్కో పైపు లైనుకీ ఒక వరస. లైను నంబరు, సైజు, ఎప్పుడు వేశారు, లోపల ఏం పారుతుంది, ఎంత వేడి, మందం ఎంత, మెటీరియల్ ఏమిటి. ఆ మెటీరియల్ గడి చాలాచోట్ల ఖాళీ. మా కొత్త డేటాబేసులోనేమో ఆ కాలమ్ ఖాళీగా ఉండటానికి వీల్లేదు ('నాట్ నల్' అని డిజైన్ చేసిన మహానుభావుడు ఇప్పుడు వేరే కంపెనీలో సుఖంగా ఉన్నాడు). రాత్రి లోడు పెడితే పొద్దున్నకి ఫెయిలై కూచుంటోంది. గడువు శుక్రవారం. నిండి ఉన్న గడుల్లో చూస్తే ఎక్కువ భాగం 'సీఎస్' అనే ఉంది, అంటే కార్బన్ స్టీలు. ఇంకేం, ఖాళీగా ఉంటే 'సీఎస్' వేసుకోమని ఒక లైను రాశాను. లోడు పాసయింది. టికెట్ మూసేశాను. టీమంతా వెళ్ళి బిర్యానీ తిన్నాం.

రెండు వారాల తర్వాత డెమో. అవతలి వైపు ఒక పెద్దాయన ఉన్నారు. మన తెలుగాయనే, విశాఖపట్నం వైపు. ముప్ఫై ఏళ్ళకి పైగా రిఫైనరీల్లో ఇన్‌స్పెక్షన్ పని చేసిన మనిషి. స్క్రీను మీద ఏదో లైను చూసి ఆపమన్నారు. మిగతావాళ్ళందరి ముందూ ఏమీ అనలేదు గానీ, కాల్ అయ్యాక నన్నొక్కణ్ణీ ఉండమని తెలుగులో అడిగారు.

"బాబూ, ఈ లైను కార్బన్ స్టీలని ఎవరు చెప్పారు?"

"డేటాలో ఉంది సార్."

"డేటాలో లేదమ్మా. లేదు కాబట్టే మిమ్మల్ని పెట్టుకున్నాం."

దొరికిపోయాను. దొరికిపోయిన వాడు ఊరుకోవచ్చు కదా? ఇంజినీర్ని కదా, వాదించాను. "సార్, కార్బన్ స్టీలంటే అన్నిటికన్నా బలహీనమైంది. తెలియనప్పుడు అదే అనుకుంటే మనం సేఫ్ సైడ్‌లోనే ఉంటాం కదా" అన్నాను. నా వాదన నాకే ముచ్చటేసింది.

ఆయన నవ్వి, "రిచ్‌మండ్ రిపోర్టు చదువు. ఫిలడెల్ఫియాది కూడా చదువు. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

రెండు రాత్రులు పట్టింది చదవడానికి. ఆ రెండు రాత్రుల తర్వాత నా వాదనలో ఏమీ మిగల్లేదు. ఇదంతా ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, ఖాళీ గడిలో డిఫాల్ట్ విలువ పెట్టి ఇంటికెళ్ళిన వాణ్ణి నేనొక్కణ్ణే కాదని నా గట్టి నమ్మకం. చదువుతున్న మీలో ఎంతమంది భుజాలు తడుముకుంటున్నారో నాకు తెలుసు :)

ముందు నా అర్హతలు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. మెటీరియల్ సైన్స్ పేపరు ఒక్క రాత్రి ఆల్-ఇన్-వన్ తిరగేసి గట్టెక్కాను. ఐరన్-కార్బన్ డయాగ్రమ్ కళ్ళు మూసుకుని గీస్తాను, అదేమిటో అడిగితే మాత్రం చెప్పలేను. క్యాంపస్‌లో ఐటీ కంపెనీ తీసుకెళ్ళాక లోహాలతో నా సంబంధం బైకుతోనూ, స్టీలు క్యారియర్‌తోనూ ఆగిపోయింది. తుప్పు పట్టకుండా ఉండాలంటే స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి, డబ్బుల్లేకపోతే మామూలు ఇనుము వాడి రంగు వేయాలి. నా జ్ఞానం ఇంతే. మీదీ ఇంతే అయితే ఏం సిగ్గుపడక్కర్లేదు, కింద చదవండి.

రిచ్‌మండ్ అనేది కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన. అక్కడ షెవ్రాన్ రిఫైనరీ ఉంది. బే ఏరియాలో ఉన్న మనవాళ్ళు ఆ వంతెన మీంచి వెళ్తూ ఎన్నోసార్లు చూసే ఉంటారు. 2012 ఆగస్టు 6న అక్కడి క్రూడ్ యూనిట్లో 8 అంగుళాల పైపు ఒకటి కారడం మొదలైంది. లోపల గ్యాస్ ఆయిల్, సుమారు 340 డిగ్రీల సెల్సియస్ వేడిలో. చిన్న కారుడే కదా అని యూనిట్ ఆపకుండానే, ఎక్కణ్ణుంచి కారుతోందో చూద్దామని పైపు మీది ఇన్సులేషన్ ఊడదీయడం మొదలెట్టారు. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో పైపు తెరుచుకుపోయింది. వేడి ఆవిరి మేఘంలా కమ్మేసింది. అందులో 19 మంది చిక్కుకున్నారు. 18 మంది అంటుకోకముందే బయటపడ్డారు. చివరి ఒక్కడు ఫైరింజనులో ఉండిపోయి, మంటల్లోంచి నడిచి బయటికొచ్చాడు. ఎవరూ చనిపోకపోవడం అదృష్టం, అంతే. తర్వాతి వారాల్లో ఊపిరాడక, కళ్ళు మండి చుట్టుపక్కల ఊళ్ళ జనం సుమారు 15,000 మంది ఆసుపత్రులకి వెళ్ళారు.

అమెరికాలో కెమికల్ సేఫ్టీ బోర్డు అని ఒక సంస్థ ఉంది. ఇలాంటి ప్రమాదాల మీద విచారణ చేసి రిపోర్టులు రాస్తుంది. ఫైన్లు వెయ్యదు, కేసులు పెట్టదు, ఎందుకు జరిగిందో మాత్రం చెప్తుంది. (మనం ప్రొడక్షన్ పడిపోయాక రాసే ఆర్సీఏలు ఆ రిపోర్టుల పక్కన పెడితే సిగ్గేస్తుంది. 'రూట్ కాజ్: హ్యూమన్ ఎర్రర్' అని మూడు ముక్కలు రాసి పంపించేవాళ్ళం మనం.)

వాళ్ళు ఆ పైపు ముక్కని కోసి చూశారు. 1976లో వేసిన పైపు. మొదట 0.322 అంగుళాల మందం, అంటే 8 మిల్లీమీటర్ల పైచిలుకు. చీలిన చోట అందులో 90 శాతం పోయింది. దీన్ని తిన్నది గంధకం. క్రూడ్ ఆయిల్లో గంధకపు సమ్మేళనాలుంటాయి. సుమారు 230, 260 డిగ్రీలు దాటాక అవి ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతాయి. సల్ఫిడేషన్ అంటారు. నీళ్ళక్కర్లేదు, గాలక్కర్లేదు. మన గేటుకి పట్టే తుప్పులాగా ఎర్రగా పొలుసులూడదు, పైపు మొత్తం మీద సమానంగా, చప్పుడు లేకుండా పల్చబడుతూ పోతుంది.

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. ఆ చీలిన ముక్క 52 అంగుళాల పొడవు. దాని పక్కనే, అదే లైనులో, అదే నూనె అదే వేడిలో పారిన వంపు (ఎల్బో) మాత్రం చాలావరకు బాగానే ఉంది. రెండూ కార్బన్ స్టీలే. తేడా ఎక్కడా అంటే, వంపులో సిలికాన్ 0.16 శాతం. చీలిన ముక్కలో 0.01 శాతం. అంతే తేడా! సిలికాన్ 0.10 శాతం కన్నా తక్కువున్న కార్బన్ స్టీలుని గంధకం ఎన్నో రెట్లు వేగంగా తింటుంది, 16 రెట్ల దాకా అని ఆ రిపోర్టులోనే ఉంది.

మరి తక్కువ సిలికాన్ పైపు ఎందుకు కొన్నారు? తప్పు పైపు కొన్నారా? లేదు. ఏ53 అనే ప్రమాణం ప్రకారం కొన్నారు, ఆ ప్రమాణంలో సిలికాన్ ఇంత ఉండాలన్న నియమమే లేదు. ఏ106 అనే ఇంకో ప్రమాణంలో కనీసం 0.10 శాతం ఉండాలి. 1980ల మధ్య నుంచి పైపులు చేసేవాళ్ళు ఒకే పైపు రెండు మూడు ప్రమాణాలకీ సరిపోయేట్టు చెయ్యడం మొదలెట్టారు కాబట్టి కొత్త పైపుల్లో ఈ బాధ తక్కువ. పాత రిఫైనరీల్లో మాత్రం ఏ ముక్కలో ఎంత సిలికాన్ ఉందో ఒక్కో ముక్కనీ పరీక్ష చేస్తే తప్ప తెలీదు. 'కార్బన్ స్టీలు' అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు లోహాలు పక్కపక్కనే వెల్డ్ అయి ఉన్నాయన్నమాట. స్పెక్ పాసైంది, ఇంటర్‌ఫేస్ ఒకటే, లోపలి వెర్షన్ వేరు. మనకి ఎంత సుపరిచితమైన దుఃఖమో చూడండి.

మందం కొలవలేదా అంటే, కొలిచారు. అల్ట్రాసోనిక్ మీటరు పెట్టి ఏళ్ళ తరబడి కొలిచారు. ఆ లైనులో కొలత చుక్కలు చాలానే ఉన్నాయి. కానీ అవి ఎక్కువగా వంపుల దగ్గర, అమరికల దగ్గర. మామూలుగా వంపు దగ్గరే ఎక్కువ అరుగుతుందని కదా అనుకుంటాం. ఆ 52 అంగుళాల తిన్నని ముక్క మీద చుక్క లేదు. సిలికాన్ ఉన్న చోట కొలిచి లైనంతా బాగుందనుకున్నారు.

నాకు బాగా గుచ్చుకున్నది ఇది కాదు. ఈ విషయం ఆ కంపెనీలోనే తెలిసినవాళ్ళున్నారు. ప్రమాదానికి ముందు పదేళ్ళలో, ఆ లైను మీద తనిఖీ పెంచండి లేదా మెటీరియల్ మార్చండి అని కనీసం ఆరుసార్లు సిఫార్సు వెళ్ళింది. 2007 జనవరిలో అదే యూనిట్లో ఇంకో పైపు ఇదే రోగంతో పోయి మంటలొచ్చాయి. 2009లో వాళ్ళ సొంత నిపుణులే, ఇలాంటి లైన్లలో ప్రతి ముక్కనీ కొలవాలని రాసిచ్చారు. 2011 షట్‌డౌన్లో అదే లైనులో 12 అంగుళాల భాగం పల్చబడిందని మార్చారు కూడా. దాని పక్కనున్న 8 అంగుళాల భాగం మిగిలిపోయింది. మన బ్యాక్‌లాగ్‌లో 'పీ3, నెక్స్ట్ రిలీజ్' అని పడుండే టికెట్లు గుర్తొస్తున్నాయా? నాకు గుర్తొచ్చాయి. ఒకటి నేనే రెండేళ్ళ నుంచి తోస్తున్నాను.

సరే, ఫిలడెల్ఫియా. 2019 జూన్ 21 తెల్లవారుజామున అక్కడి రిఫైనరీలో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ వాడే యూనిట్లో పైపు వంపు ఒకటి పగిలింది. 1973 ప్రాంతంలో వేసిన వంపు. తర్వాత జరిగిన పేలుళ్ళలో సుమారు 17 టన్నుల పాత్ర ఒకటి ఎగిరి పక్కనున్న నది దాటి అవతలి ఒడ్డున పడింది. ఆ రిఫైనరీ మళ్ళీ తెరుచుకోలేదు.

ఇక్కడా కార్బన్ స్టీలే. కాకపోతే ఇక్కడ తక్కువైంది ఏమీ లేదు, ఎక్కువైంది. ఈ ఆసిడ్ తగిలినప్పుడు ఇనుము మీద ఫ్లోరైడ్ పొర ఒకటి ఏర్పడి కింది లోహాన్ని కాపాడుతుంది. స్టీలులో నికెల్, రాగి కాస్త ఎక్కువగా కలిసి ఉంటే ఆ పొర సరిగ్గా నిలవదు. పాత ఇనుము కరిగించి స్టీలు చేసినప్పుడు ఇలాంటివి చేరిపోతుంటాయి. ఆ వంపులో అవి ఎక్కువ. అటూ ఇటూ ఉన్న ముక్కల్లో తక్కువ. ఊహించారా? కొలత చుక్కలు ఆ అటూ ఇటూ ముక్కల మీదున్నాయి, ఈ వంపు మీద లేవు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. అదే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌కి బాగా తట్టుకునే మిశ్రమలోహం ఏమిటో తెలుసా? మోనెల్ 400. అందులో మూడింట రెండొంతులు నికెల్, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం రాగి. అంటే ఏ రెండు లోహాలు పూర్తిగా ఉంటే రక్షణో, అవే రెండు స్టీలులో చిటికెడు పడితే ముప్పు. ఇది చదివాక 'మంచి లోహం', 'చెడ్డ లోహం' అనే మాటలు నా నోట్లోంచి రావడం మానేశాయి.

సరిగ్గా ఈ సంగతే నా వాదనకి రెండో దెబ్బ. సీఎస్ అనుకుంటే సేఫ్ సైడ్ అన్నాను కదా. ఆ ఖాళీ గడి వెనకాల ఉన్నది నిజానికి స్టెయిన్‌లెస్ స్టీలైతే ఏమవుతుంది? ఖరీదైంది, గట్టిది, ఇంకా మంచిదే కదా అనుకున్నాను. కొంచెం ఓపిక పడితే, రిఫైనరీ వాళ్ళు లోహాన్ని ఎలా ఎంచుతారో చెప్తాను, తర్వాత మీరే తేల్చండి.

వేడి గంధకానికి మందు క్రోమియం. దానికో మెట్ల వరస ఉంది. కార్బన్ స్టీలు, తర్వాత 5 శాతం క్రోమియం, తర్వాత 9 శాతం, తర్వాత 12, ఆపైన 18 శాతం క్రోమియం 8 శాతం నికెల్ ఉండే మన వంటింటి స్టెయిన్‌లెస్ బంధువులు. ఏ ఉష్ణోగ్రతలో, ఎంత గంధకానికి, ఏ మెట్టు ఏడాదికి ఎంత అరుగుతుందో చెప్పే గ్రాఫులు 1960ల నుంచీ ఉన్నాయి. మెకానమీ కర్వులంటారు. వాటిని చూసి మెట్టు ఎంచుకుంటారు. రిచ్‌మండ్‌లో ప్రమాదం తర్వాత తిరిగి కట్టినప్పుడు 9 క్రోమ్ వేశారు.

అయితే అన్నిచోట్లా 9 క్రోమ్ వేసేస్తే పోలా? నేనూ ఇదే అడిగాను. డబ్బు ఒక్కటే కాదు. 9 క్రోమ్ వెల్డింగ్ చెయ్యాలంటే ముందు వేడి చెయ్యాలి, తర్వాత ప్రతి అతుకునీ 700 డిగ్రీలు దాటించి గంటల తరబడి ఉంచి మెల్లగా చల్లార్చాలి. షట్‌డౌన్లో ఒక్కో రోజుకీ లెక్క ఉంటుంది. పైగా కొన్ని క్రూడ్‌లలో నాఫ్తెనిక్ ఆసిడ్లుంటాయి. ఆఫ్రికాలో చాడ్ దేశపు డోబా క్రూడ్ లాంటివి. చవగ్గా దొరుకుతాయి కాబట్టి రిఫైనరీలు వాటిమీద కన్నేస్తాయి. ఈ ఆసిడ్ ముందు క్రోమియం పప్పులుడకవు. అక్కడ కావలసింది మాలిబ్డినం. 317ఎల్ లాంటి స్టెయిన్‌లెస్, లేదా మాలిబ్డినం రెండున్నర శాతానికి తగ్గకుండా చూసి కొన్న 316ఎల్. నలభై ఏళ్ళ క్రితం ఒక రకం క్రూడ్ కోసం ఎంచిన పైపులో ఇవాళ ఇంకో రకం పోస్తుంటే, ఎంపిక ఎప్పుడో చేసేశాం అని చెప్పడానికి లేదు. రిక్వైర్‌మెంటు మారింది, డిజైన్ మారలేదు.

పోనీ అన్నిచోట్లా 316 వేస్తే? క్రూడ్‌తో పాటు భూమిలోంచి ఉప్పు వస్తుంది. డీసాల్టర్‌లో కడుగుతారు, అయినా కొంత మిగులుతుంది. అందులోని మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ కొలిమి వేడికి విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ ఇస్తాయి. అది ఆవిరితో కలిసి డిస్టిలేషన్ టవరు నెత్తి మీదికెళ్ళి, అక్కడ మొదటి నీటిబొట్టు పడే చోట అందులో కరిగి ఘాటైన ఆసిడ్ అవుతుంది. అక్కడ 304, 316 పెడితే గుంటలు పడతాయి, పగుళ్ళొస్తాయి. క్లోరైడూ, 60 డిగ్రీలు దాటిన వేడీ, లోహంలో బిగువూ కలిస్తే మందం ఏమీ తగ్గకుండానే జుట్టంత పగులు అడ్డంగా పోతుంది. కాబట్టి అక్కడ కార్బన్ స్టీలే వాడి, నీళ్ళు చిమ్మి, మందులు కలిపి కాపాడుకుంటారు, కీలకమైన చోట్ల మోనెల్ పూతో టైటానియం గొట్టాలో వేస్తారు. ఖరీదైన స్టెయిన్‌లెస్ ఓడిపోయే చోట చవక కార్బన్ స్టీలు కాపలా పెడితే నెట్టుకొస్తుంది!

ఇంకోటి. కొన్ని స్టెయిన్‌లెస్ స్టీళ్ళు ఎక్కువకాలం వేడిలో ఉంటే లోపలి గింజల అంచుల్లో క్రోమియం తగ్గిపోతుంది. యూనిట్ నడుస్తున్నంతసేపూ ఏమీ కాదు. షట్‌డౌన్ చేసి మూత తెరవగానే గాలి, తేమ లోపలికొచ్చి, గోడల మీదున్న సల్ఫైడ్ పొరతో కలిసి పాలిథయోనిక్ ఆసిడ్ తయారవుతుంది. దాంతో పగుళ్ళు. అందుకని తెరవకముందే సోడా యాష్ ద్రావణంతో కడుగుతారు, లేదా మొదటే 321, 347 లాంటి రకాలు వేస్తారు. మరి షట్‌డౌన్లో ఏయే లైన్లు కడగాలో ఆ జాబితా ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా అప్లికేషన్లోని మెటీరియల్ కాలమ్ నుంచి వస్తుంది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను 'సీఎస్' అని రాసిన చోట స్టెయిన్‌లెస్ ఉంటే, ఆ లైను కడిగే జాబితాలోకి రాదు. పైగా మా తనిఖీ ప్రణాళిక కార్బన్ స్టీలు కదా అని మందం మాత్రమే కొలవమంటుంది. మందం బాగానే ఉంటుంది. పగిలే రోజు వరకూ బాగానే ఉంటుంది. డాష్‌బోర్డు మీద పచ్చగా వెలుగుతుంది. సేఫ్ సైడ్ అట!

మిగిలిన ఆయుష్షు అని మా టూల్ ఒక అంకె చూపిస్తుంది. లెక్క చిన్నపిల్లలది. ఇప్పుడున్న మందంలోంచి కనీసం ఉండాల్సిన మందం తీసేసి, ఏడాదికి అరిగే రేటుతో భాగించడమే. మేమేమో దానికి గ్రాడియెంటు రంగులు, యానిమేషన్ పెట్టాం. ఈమధ్య దానికి 'ఏఐ ఆధారిత' అని తోక కూడా తగిలించారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, మా మేనేజరు చదివినా సరే. లోహమేదో తెలియని పైపుకి ఇంకా 14 ఏళ్ళు అని చూపించే అప్లికేషన్ కన్నా ఆ పాత ఎక్సెల్ షీటు నయం. అందులో కనీసం ఖాళీ గడి ఖాళీగా కనిపించేది. చూసినవాడికి అనుమానం వచ్చేది. ఆ అనుమానాన్ని నేను తీసేశాను.

వాషింగ్టన్ రాష్ట్రంలో అనకోర్టెస్ అనే ఊళ్ళో 2010 ఏప్రిల్ 2న టెసోరో రిఫైనరీలో ఒక హీట్ ఎక్స్‌ఛేంజరు పగిలి ఏడుగురు చనిపోయారు. అదీ కార్బన్ స్టీలే. అక్కడి శత్రువు వేడి హైడ్రోజన్. దానికి నెల్సన్ కర్వు అని ఒక గీత ఉంటుంది, గీత కింద ఉంటే భయం లేదని. లోపలి వేడిని కొలవకుండా అంచనా వేసి, గీత కిందే ఉన్నామనుకున్నారు. బోర్డు తన లెక్కలు చేసి చూస్తే, గీత కింద ఉన్న చోట కూడా పగుళ్ళు వచ్చి ఉన్నాయి. ఆ గీతని ఆ తర్వాత 2016లో సవరించి, వెల్డింగ్ తర్వాత వేడి చెయ్యని కార్బన్ స్టీలుకి కిందికి దింపి ఇంకో గీత గీశారు. అప్పటిదాకా 'సేఫ్' అని చూపించిన సాఫ్ట్‌వేర్లు ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో.

ఇక్కడ మా బాబాయ్ గురించి చెప్పాలి. మాది గాజువాక. బాబాయ్ వెల్డరు. షట్‌డౌన్ పనులకి తిరుగుతుంటాడు, ఓసారి జామ్‌నగర్, ఓసారి మణలి, మధ్యలో రెండుసార్లు గల్ఫ్. నేను మైగ్రేషన్ చేసే లాంటి పైపుల మీద నిచ్చెనేసుకుని కూచునే మనిషి అన్నమాట. ఫోన్ చేసి అడిగాను, నీ చేతికొచ్చిన పైపు ఏ మెటీరియలో నీకెలా తెలుస్తుంది బాబాయ్ అని.

"రంగు గీత ఉంటాది కదరా. లేపోతే అయస్కాంతం ఎట్టి చూస్తాం. స్టెయిన్‌లెస్‌కి అంటుకోదు. మరీ అనుమానమైతే గ్రైండర్ ఎడతాం, రవ్వలే చెప్తాయి. మామూలు ఇనుమైతే చిచ్చుబుడ్డిలాగా పూలు పూస్తాది."

అయస్కాంతం సంగతి పూర్తిగా నిజం కాదు, 5 క్రోమ్, 9 క్రోమ్ కూడా అయస్కాంతానికి అంటుకుంటాయి. అది చెప్తే "అందుకే రవ్వలు చూస్తామన్నాను కదేటి" అన్నాడు. నాకన్నా ఎక్కువ తెలుసు మనిషికి. తప్పు పైపు ఎప్పుడైనా పెట్టారా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఒక షట్‌డౌన్లో రాత్రి షిఫ్టు, క్రోమ్ వంపు ఒకటి తక్కువైంది. మేస్త్రీ కార్బన్ స్టీలు కుప్పలోంచి ఒకటి తెచ్చి, రంగు గీత గీసి పెట్టేయమన్నాడు. పెట్టేశారు. తెల్లారి పరీక్ష చేసేవాళ్ళొచ్చి గన్ను పెడితే దొరికింది. కోసి మళ్ళీ వేశారు. "ఆరోజు ఆళ్ళని తిట్టుకున్నాను రా, డబల్ పని అని" అన్నాడు.

ఆ గన్ను ఎక్స్‌రే యంత్రం. హెయిర్ డ్రయ్యరులాగా ఉంటుంది. క్రోమియం, నికెల్, మాలిబ్డినం ఎంతుందో క్షణాల్లో చెప్తుంది. సిలికాన్ లాంటి తేలిక మూలకాలు కొంచెం ఉంటే పట్టుకోవడం దానికి కష్టం, కార్బన్ అసలు చూడలేదు. వాటికోసం లోహం మీద నిప్పురవ్వ పుట్టించి ఆ వెలుగుని చదివే ఇంకో యంత్రం కావాలి. బాబాయ్ గ్రైండర్ రవ్వలకి పెద్దన్న లాంటిది. ఇంకో చిక్కేమిటంటే, ఈ పరీక్షలు మామూలుగా క్రోమ్ లైన్లకే చేస్తారు. డ్రాయింగు మీద కార్బన్ స్టీలని ఉన్నదాన్ని ఎవరు పరీక్షిస్తారు? ఎవరూ కాదు. కాబట్టి నేను రాసిన 'సీఎస్', ఖాళీ గడిని నింపడంతో ఆగలేదు, ఆ పైపుని ఇకముందు ఎవరూ పరీక్షించకుండా చేసింది.

తర్వాత ఏం చేశానంటే, పెద్దాయనకి ఫోన్ చేసి మీరు చెప్పింది అర్థమైంది సార్ అన్నాను. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. "మరి ఎన్ని ఉన్నాయి అలాంటివి?" అన్నారు. 412. ఆ లైను కోడు తీసేసి, 'తెలీదు' అనే విలువ పెట్టాను. 'తెలీదు' అని ఉంటే ఆయుష్షు లెక్క చెయ్యకూడదు, ఆ వరస బూడిద రంగులో రావాలి, కొలిచి తెలుసుకున్నదీ డ్రాయింగులో చదివిందీ వేర్వేరుగా కనపడాలి. పని రెండు రోజులే. ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. మా మేనేజరు బాధ ఆయనది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న డాష్‌బోర్డు ఒక్కసారిగా బూడిద రంగుకి మారితే, క్లయింటు పెద్దలు మనం డేటా పాడుచేశామనుకుంటారు అంటాడు. పాడుచేసిన మాట నిజమే అన్నాను. ఆ మీటింగు అంత బాగా జరగలేదు. చివరికి పెద్దాయనే వాళ్ళ వైపు నుంచి మెయిల్ పెట్టారు, బూడిద రంగు మాకే కావాలని. దాంతో మా వాళ్ళు దాన్ని కొత్త ఫీచరని రిలీజ్ నోట్‌లో రాసుకున్నారు.

పోయిన వారం మొదటి జాబితా వచ్చింది. రెండు రకాల యంత్రాలూ పట్టుకుని వాళ్ళ మనుషులు తిరిగి, అందినంతవరకు పరీక్ష చేశారు. ఎక్కువ శాతం కార్బన్ స్టీలే, సిలికాన్ కూడా సరిపోను ఉంది. నాలుగు లైన్లలో కొన్ని ముక్కలు 321 స్టెయిన్‌లెస్ అని తేలాయి, ఎప్పుడో ఎవరో రిపేరులో వేసినవి. ఒక లైనులో ఒక ముక్కలో సిలికాన్ 0.02 శాతం. దాని వేడి 300 డిగ్రీల పైన. దానిమీద ఇప్పటిదాకా కొలత చుక్క లేదు. మందం ఎంతుందో ఇంకా పంపలేదు, ఇన్సులేషన్ తీసి కొలవాలట, పరంజా కట్టడానికి పర్మిట్ పెట్టారట. రోజూ పొద్దున్న ఆఫీసుకెళ్ళగానే ముందు ఆ వరసే తెరిచి చూస్తున్నాను.